కంటిపాప తెరుచుకోకపోతే పొర ఆపరేషన్ ఎలా చేస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలో ఇరవై ఏళ్లుగా కంటి ఆపరేషన్లు చేస్తున్నాను. "కంటిపాప చిన్నదిగా ఉంది, ఆపరేషన్ అయ్యేదాకా దాన్ని తెరిచి పట్టే రింగు వాడాల్సి రావచ్చు" అనగానే వెంట వచ్చిన వాళ్ల ముఖాలు వాడిపోవడం ఎన్నోసార్లు చూశాను. గుండెకు వేసే స్టెంటు లాంటిదేమోనని, జన్మంతా కంట్లోనే ఉండిపోతుందేమోనని, డబ్బు కోసం చెబుతున్నారేమోనని రకరకాల అనుమానాలు. ఓపీలో బయట యాభై మంది కూర్చుని ఉండగా ఒక్కొక్కరికీ తీరిగ్గా చెప్పడం కుదరదు. అందుకని మా దగ్గర పదే పదే వినిపించే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. అన్నీ చదివే ఓపిక లేనివారు మూత్రం మాత్రల గురించిన ప్రశ్న ఒక్కటైనా తప్పకుండా చదవండి.

కంటిపాప చిన్నదిగా ఉందంటే ఏమిటి?

నల్లగుడ్డు మధ్యలో నల్లటి చుక్కలా కనిపించేది ఒక రంధ్రం. దాని చుట్టూ ఉండే గోధుమరంగు తెరను ఐరిస్ అంటాం. అందులో రెండు కండరాలు ఉంటాయి. ఒకటి రంధ్రం అంచు చుట్టూ ఉండి, సంచి మూతికి కట్టిన తాడులా బిగిస్తుంది. రెండోది సైకిలు చక్రం చువ్వల్లా పరుచుకుని రంధ్రాన్ని బయటికి లాగి తెరుస్తుంది. ఆపరేషన్‌కు ముందు మేము వేసే చుక్కల మందు మొదటిదాన్ని వదులు చేసి, రెండోదాన్ని లాగేలా చేస్తుంది. మామూలు కన్ను ఆ మందుతో 7, 8 మిల్లీమీటర్ల వరకు తెరుచుకుంటుంది. 5 మిల్లీమీటర్లు కూడా రాకపోతే దాన్ని చిన్న పాప కింద లెక్క వేస్తాం. ఎన్నిసార్లు చుక్కలు వేసినా 3 దగ్గరే ఆగిపోయే కళ్లు కూడా ఉంటాయి.

అది పెద్దగా తెరుచుకోవడం ఎందుకంత అవసరం?

తాటిముంజె ఒలిచిన వారికి ఇది సులువుగా అర్థమవుతుంది. ముంజె చుట్టూ పలచటి పొట్టు ఉంటుంది, లోపల మెత్తటి గుజ్జు ఉంటుంది. కంట్లోని సహజమైన లెన్సు కూడా అలాగే ఒక పలచటి సంచిలో ఉంటుంది. వయసు మీద పడ్డాక ఆ గుజ్జు తెల్లబడి గట్టిపడటాన్నే మనం పొర అంటాం. సంచి ముందువైపు సుమారు 5 మిల్లీమీటర్ల గుండ్రటి కిటికీ చేసి, లోపలి గుజ్జును ముక్కలు చేసి తీసేసి, మిగిలిన సంచి చిరగకుండా కాపాడి, అందులో కొత్త లెన్సు కూర్చోబెట్టాలి. వెనకవైపు సంచి మందం వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు.

ఈ లెన్సు ఐరిస్‌కు వెనకాల ఉంటుంది. దాని వెడల్పు 9 నుంచి 10 మిల్లీమీటర్లు. మేము దాన్ని చూసేదీ, పని చేసేదీ పాప అనే ఆ ద్వారం గుండానే. ద్వారం 3 మిల్లీమీటర్లే ఉంటే గాదె చిన్న తలుపులోంచి చెయ్యి పెట్టి, చూడకుండా అడుగున ఉన్న గింజలు తీసినట్టు ఉంటుంది పని. పరికరం కొన ఎక్కడుందో సరిగా కనబడదు. కిటికీ చిన్నదైపోతుంది, ముక్కలు మూలల్లో మిగిలిపోతాయి, ఐరిస్ అంచు నలుగుతుంది, ఒక్కోసారి వెనక సంచి చిరుగుతుంది. అలా చిరిగితే లోపలున్న జిగురు ముందుకు వస్తుంది, లెన్సు వేయడం కష్టమవుతుంది, చూపు కుదురుకోవడానికి చాలా కాలం పడుతుంది.

కొందరికి చుక్కల మందు వేసినా పాప ఎందుకు తెరుచుకోదు?

కారణాలు చాలా ఉన్నాయి. వయసు పెరిగే కొద్దీ తెరిచే కండరం బలహీనపడుతుంది, ఇది అందరికీ కొద్దో గొప్పో ఉంటుంది. ఏళ్ల తరబడి షుగరు ఉన్నవారిలో ఆ కండరానికి వెళ్లే నరాలు దెబ్బతింటాయి. గతంలో కన్ను ఎర్రబడి లోపల వాపు వచ్చి తగ్గినవారికి ఐరిస్ వెనక్కి, లెన్సుకు అతుక్కుపోతుంది. అలాంటి పాప గుండ్రంగా కాకుండా వంకరటింకరగా తెరుచుకుంటుంది. కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు అయిన నీటికాసుల కోసం గతంలో పైలోకార్పిన్ చుక్కలు ఏళ్ల తరబడి వాడినవారిలో పాప బిగుసుకుపోయి ఉంటుంది. చిన్నప్పుడు కంటికి దెబ్బ తగిలినవారిలో కూడా ఇది చూస్తాం.

వీటిలో నేను ఎక్కువ జాగ్రత్తపడేది సూడోఎక్స్‌ఫోలియేషన్ అనే స్థితి విషయంలో. లెన్సు మీద, పాప అంచు మీద పిండి రాలినట్టు తెల్లటి పొట్టు పేరుకుంటుంది. 1917లో ఫిన్లాండ్‌కు చెందిన లిండ్‌బర్గ్ అనే కంటి వైద్యుడు దీన్ని మొదట వర్ణించారు. ఇందులో పాప తెరుచుకోకపోవడం సగం ఇబ్బంది మాత్రమే. లెన్సు సంచిని ఉయ్యాల తాళ్లలా చుట్టూ పట్టి ఉంచే సన్నటి పోగులు కూడా ఈ స్థితిలో బలహీనపడతాయి. పైగా కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే పొలంలో, చెరువు గట్టు మీద జీవితమంతా గడిపి డెబ్బై దాటాక వచ్చిన పెద్దవారిని చుక్కలు వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి చూస్తాను.

మూత్రం సరిగా రావడానికి వాడే మాత్రకూ కంటికీ సంబంధం ఏమిటి?

ఈ సంబంధం తెలియకే చాలా కళ్లు ఇబ్బంది పడ్డాయి.

మగవారికి అరవై దాటాక ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం ఆగి ఆగి వస్తుంది. దానికి ఇచ్చే మందుల్లో ముఖ్యమైనది టామ్సులోసిన్. మూత్ర మార్గం దగ్గరున్న కండరాన్ని అది వదులు చేస్తుంది. పాపను తెరిచే కండరంలో కూడా అచ్చంగా ఆ రకం గ్రాహకాలే, అంటే మందు పట్టుకుని పనిచేసే చోట్లే ఉన్నాయి. కాబట్టి మందు అక్కడా పనిచేస్తుంది. ఆ తెర బిగువు కోల్పోయి మెత్తబడుతుంది. 2005లో అమెరికాకు చెందిన డేవిడ్ చాంగ్, జాన్ క్యాంప్‌బెల్ అనే ఇద్దరు కంటి వైద్యులు ఈ సంబంధాన్ని మొదటిసారి స్పష్టంగా బయటపెట్టారు. అప్పటి వరకు ఆపరేషన్ మధ్యలో కొన్ని కళ్లు ఎందుకు ఎదురు తిరుగుతున్నాయో సర్జన్లకు అంతుపట్టేది కాదు.

అలాంటి కంట్లో మూడు జరుగుతాయి. లోపల పారించే నీటికి ఐరిస్ అలలా ఊగుతుంది. మేము చేసిన చిన్న కోత వైపు కొట్టుకొచ్చి బయటికి రాబోతుంది. అన్నింటికన్నా ఇబ్బంది, మొదట బాగానే తెరుచుకున్న పాప పని సగంలో ఉండగా ముడుచుకుపోతుంది. కాలువ రేవులో ఉతుకుతున్న పంచె కొంగు చేజారితే నీటి వాలుకు తూము వైపు ఎలా లాక్కుపోతుందో, ఐరిస్ అలాగే కోత వైపు లాక్కుపోతుంది.

సుమారు పదిహేనేళ్ల కిందట ఒక లంక గ్రామం నుంచి ఒక రైతు వచ్చారు. ఏ మందులు వాడుతున్నారని అడిగితే "బీపీ మాత్ర ఒక్కటేనండి" అన్నారు. పక్కన కోడలు ఉంది. పాప చక్కగా 7 మిల్లీమీటర్లు తెరుచుకుంది. నేను నిశ్చింతగా మొదలుపెట్టాను. లెన్సును ముక్కలు చేస్తుండగా ఐరిస్ ఊగడం మొదలైంది, కోతలోకి వచ్చింది, పాప చూస్తుండగానే సగానికి ముడుచుకుంది. పాప అంచును లాగి పట్టే హుక్కులు వేసి ఆపరేషన్ ముగించాను. చూపు వచ్చింది, కానీ ఐరిస్ అంచు నలిగింది. రాత్రిపూట ఎదురుగా వచ్చే లైట్లు చెదిరినట్టు కనిపించే బాధ ఆయనకు మిగిలిపోయింది. మర్నాడు కట్టు విప్పుతుంటే ఆయన భార్య చేతి సంచిలోంచి ఒక మాత్రల పట్టీ తీశారు. "ఇది మూత్రానికి బాబూ, కంటికి కాదు కదా అని చెప్పలేదు" అన్నారు. ఆమె తప్పు ఏమీ లేదు. నేను అడగాల్సిన తీరులో అడగలేదు. ఆ రోజు నుంచి మగవారిని ఈ ప్రశ్న ఒంటరిగా, పేరు పెట్టి అడుగుతున్నాను: "రాత్రిపూట ఎన్నిసార్లు లేస్తారు? దానికి మాత్ర వాడుతున్నారా? ఎప్పుడైనా వాడారా?"

ఏయే మాత్రలకు ఇలా జరుగుతుంది? ఆడవారికి కూడా వర్తిస్తుందా?

టామ్సులోసిన్‌తో ఎక్కువ. సిలోడోసిన్, ఆల్ఫుజోసిన్ కూడా ఈ కోవలోవే. బీపీకి ఇచ్చే ప్రజోసిన్, డోక్సాజోసిన్, టెరాజోసిన్ కూడా ఇదే కుటుంబం. పేర్ల చివర "ఓసిన్" అని ఉండటం గుర్తు. పట్టీ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు, దానితో మనకు పని లేదు. కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చూడాలి. ప్రోస్టేట్‌కు ఇచ్చే మాత్రల్లో రెండు మందులు కలిపినవి కూడా ఉంటాయి, వాటిలో టామ్సులోసిన్ రెండో పేరుగా ఉండవచ్చు.

ఆడవారికి ప్రోస్టేట్ ఉండదు కాబట్టి అడగనక్కర్లేదని అనుకోవడం పొరపాటు. కిడ్నీలో రాయి కిందికి జారడానికి టామ్సులోసిన్ కొన్ని వారాల పాటు ఆడవారికి కూడా ఇస్తారు. కిడ్నీ జబ్బుతో బీపీ అదుపులో లేనివారికి ప్రజోసిన్ ఇస్తారు. మామ్మగారు అయినా సరే, మాత్రలన్నీ చూపించాల్సిందే.

ఆపరేషన్‌కు వారం ముందు ఆ మాత్ర మానేస్తే సరిపోదా?

సరిపోదు. మానేసి చాలా కాలమైనవారిలో కూడా ఐరిస్ మెత్తగానే ప్రవర్తించడం చూశాం. పైగా సొంతంగా మానేస్తే మూత్రం పూర్తిగా బిగిసి, రాత్రికి రాత్రి గొట్టం వేయించుకోవాల్సి రావచ్చు. మాత్ర మీ మూత్ర వైద్యుడు చెప్పినట్టే వాడండి. మాకు చెప్పండి, అంతే చాలు. ముందుగా తెలిస్తే మేము సిద్ధంగా ఉంటాం, అప్పుడు చాలావరకు మామూలు ఆపరేషన్ లాగే అయిపోతుంది.

ఇంకా మాత్ర మొదలుపెట్టని వారికి ఒక మాట. పొర ఉందని తెలిసి, చూపు మసకగా ఉండి, మూత్రం ఇబ్బంది అంత తొందరపెట్టేది కాకపోతే, మందు మొదలుపెట్టే ముందు మీ వైద్యుడికి "నాకు కంటి ఆపరేషన్ ఉంది" అని చెప్పండి. ఒక్కోసారి ముందు కళ్లు చేయించుకుని తర్వాత ఆ మందు మొదలుపెట్టే వీలు ఉంటుంది.

పాప చిన్నదైతే వెంటనే రింగు వేసేస్తారా?

లేదు. రింగు చివరి మెట్లలో ఒకటి. మొదట ట్రోపికామైడ్, ఫినైలెఫ్రిన్ చుక్కలు పది పదిహేను నిమిషాలకు ఒకసారి వేస్తాం. వాటితో పాటు వాపు తగ్గించే ఫ్లర్బిప్రొఫెన్ లేదా కీటోరోలాక్ లాంటి చుక్కలు వేస్తాం. ఆపరేషన్ మధ్యలో కంటికి రాపిడి తగిలితే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలై పాప ముడుచుకుంటుంది, ఈ చుక్కలు వాటిని అడ్డుకుంటాయి. ఫినైలెఫ్రిన్ బీపీని పెంచగలదు కాబట్టి గుండె జబ్బు, అదుపులేని బీపీ ఉన్నవారు ముందే చెప్పాలి.

చుక్కలు చాలకపోతే, కోత చేశాక కంటి లోపలికే మందు ఎక్కిస్తాం. బాగా పలుచన చేసిన అడ్రినలిన్ లేదా ఫినైలెఫ్రిన్, అది కూడా నిల్వ రసాయనాలు కలపనిది. చాలామందికి ఇక్కడితోనే పాప విచ్చుకుంటుంది. ఆ తర్వాత చిక్కటి జెల్ నింపి, ఆ ఒత్తిడితో అంచును బయటికి నెడతాం. ఐరిస్ లెన్సుకు అతుక్కుని ఉంటే సన్నటి పరికరంతో నెమ్మదిగా విడదీస్తాం. ఇవన్నీ అయ్యాక కూడా ద్వారం చాలకపోతేనే రింగు, హుక్కుల మాట.

ఒక తేడా ఉంది. టామ్సులోసిన్ వాడుతున్నవారికి, లెన్సు పోగులు బలహీనంగా ఉన్నవారికి పాప కొంచెం తెరుచుకున్నా నేను మొదట్లోనే పరికరం వేస్తాను. లెన్సు మీద కిటికీ చేశాక, పని సగమయ్యాక పాప ముడుచుకుంటే అప్పుడు వేయడం చాలా కష్టం. రింగు పాప అంచుతో పాటు సంచి అంచును కూడా పట్టి చింపే ప్రమాదం ఉంది.

రింగులు, హుక్కులు ఎలా ఉంటాయి? ఎలా పనిచేస్తాయి?

హుక్కులు పాతవి, ఇప్పటికీ నమ్మదగినవి. నైలాను లేదా పాలీప్రొపిలీన్‌తో చేసిన సన్నటి తీగకు ఒక చివర వంపు ఉంటుంది. నల్లగుడ్డు అంచున నాలుగు చోట్ల సూది మొనంత రంధ్రాలు చేసి, ఒక్కో దానిలోంచి ఒక్కో హుక్కు పంపి, పాప అంచును నాలుగు వైపులా లాగి పడతాం. పందిరి గుడ్డను నాలుగు మూలలా గుంజలకు కట్టినట్టు. పాప నలుచదరంగా తెరుచుకుంటుంది. ఎంత తెరవాలో సర్జన్ చేతిలో ఉంటుంది. లెన్సు పోగులు బలహీనంగా ఉంటే అవే హుక్కులతో సంచి అంచును కూడా పట్టి నిలపవచ్చు. కష్టం ఏమిటంటే అదనంగా నాలుగు రంధ్రాలు, కొంచెం ఎక్కువ సమయం. మరీ ఎక్కువ లాగితే పాప అంచు కండరం చిరుగుతుంది.

రింగుల్లో బాగా పేరున్నది మల్యుగిన్ రింగు. మాస్కోకు చెందిన బోరిస్ మల్యుగిన్ అనే సర్జన్ రూపొందించారు. సన్నటి పాలీప్రొపిలీన్ తీగను చదరంగా వంచి, నాలుగు మూలల్లో చుట్టలు చుట్టినట్టు ఉంటుంది. ఆ చుట్టల సందుల్లో పాప అంచు ఇమిడిపోతుంది. నాలుగు మూలల్లోనూ నాలుగు భుజాల దగ్గరా ఆనడం వల్ల ద్వారం దాదాపు గుండ్రంగా వస్తుంది. 6.25, 7 మిల్లీమీటర్లు అని రెండు పరిమాణాల్లో దొరుకుతుంది. ప్రత్యేకమైన గొట్టంలోంచి అసలు కోత గుండానే లోపలికి వెళుతుంది, దాని గుండానే బయటికి వస్తుంది. వేరే రంధ్రాలు అక్కర్లేదు.

మన దేశంలో రూపొందినది బి-హెక్స్. కోల్‌కతా కంటి సర్జన్ సువేన్ భట్టాచార్జీ రూపకల్పన. ఆరు పలకల ఆకారంలో, చాలా పలచగా ఉంటుంది. గొట్టం లేకుండా సన్నటి ఫోర్సెప్స్‌తోనే లోపలికి పంపి, ఒకటి విడిచి ఒకటిగా దాని చెవులను పాప అంచు కింద దోపుతాం. ఐరిస్ ముందున్న గది లోతు తక్కువగా ఉన్న చిన్న కళ్లలో ఆ పలచదనం చాలా ఉపయోగపడుతుంది. ప్రపంచమంతా వాడే పరికరాల వరసలో మన దేశపు సర్జన్ చేసినది ఒకటి ఉన్నందుకు నాకు నిజంగా గర్వం.

ఏది మంచిదని అడిగితే నా జవాబు, ఆ సర్జన్ చెయ్యి దేనికి అలవాటుపడిందో అది. గుడ్డు అంచున పాత మచ్చలున్న కంటికి, పోగులు ఊగుతున్న కంటికి నేను హుక్కులు ఎంచుకుంటాను. మెత్తబడిన ఐరిస్‌కు రింగు ఎంచుకుంటాను.

ఆ రింగు కంట్లోనే ఉండిపోతుందా?

ఉండదు. కొత్త లెన్సు కూర్చున్నాక, అదే బల్ల మీద, అదే పూటలో తీసేస్తాం. మీరు ఇంటికి వెళ్లేటప్పుడు కంట్లో ఉండేది కొత్త లెన్సు ఒక్కటే.

ఈ అయోమయానికి ఒక కారణం ఉంది. ఇంకో రకం రింగు ఉంది, దాన్ని లెన్సు సంచిలోనే శాశ్వతంగా ఉంచుతాం. సంచిని పట్టి ఉంచే పోగులు బలహీనంగా ఉన్నప్పుడు సంచి గుండ్రంగా నిలబడటానికి అది వేస్తాం. పాపను తెరిచే రింగు వేరు, సంచిని నిలబెట్టే రింగు వేరు. మీకు చెప్పింది ఏదో అడిగి తెలుసుకోండి. డిశ్చార్జి కాగితం మీద కూడా రాయించుకోండి.

నొప్పి ఉంటుందా? ఎంత సేపు పడుతుంది?

కంటి పక్కన ఇంజెక్షన్ ఇస్తే నొప్పి తెలియదు. చుక్కల మత్తుతో చేసేటప్పుడు ఐరిస్‌ను కదిపితే లాగినట్టు, బరువుగా అనిపించవచ్చు. అందుకని లోపలికి కూడా మత్తుమందు ఎక్కిస్తాం. అనిపించిన మాట నోటితో చెప్పండి, తల మాత్రం కదపకండి. సమయం మామూలుకన్నా కొన్ని నిమిషాలు ఎక్కువ.

శిబిరాల్లో చేసే కుట్టులేని ఆపరేషన్‌కు కూడా ఇవి కావాలా?

కావచ్చు. ఫేకో అనే యంత్రం పద్ధతిలో లెన్సును లోపలే ముక్కలు చేసి 3 మిల్లీమీటర్లకు లోపు కోతలోంచి పీల్చేస్తాం. శిబిరాల్లో చేత్తో చేసే పద్ధతిలో 6, 7 మిల్లీమీటర్ల సొరంగం చేసి, గట్టిపడిన లెన్సు గుండును మొత్తంగా బయటికి తెస్తాం. అంటే ఆ గుండు పట్టేంత పాప కావాలి. కొన్నిసార్లు రింగు బదులు పాప అంచున సన్నటి కత్తెరతో చిన్న గాట్లు పెట్టి వెడల్పు చేస్తాం. అది చవకైన, పాతకాలపు ఉపాయం. అంచు కండరం బిగిసిన కళ్లలో పనికొస్తుంది. టామ్సులోసిన్ వల్ల మెత్తబడిన ఐరిస్‌లో మాత్రం గాట్లు, లాగి సాగదీయడం పనికిరావు. రబ్బరులా సాగి మళ్లీ దగ్గరకు వచ్చేస్తుంది.

ఫేకోనే చాలామంది "లేజరు ఆపరేషన్" అంటారు. అది లేజరు కాదు, శబ్ద తరంగాలతో చేసే పని. నిజమైన ఫెమ్టోసెకండ్ లేజరు వేరే ఉంది. పాప చిన్నగా ఉన్నవారికి అది అంత అనువు కాదు. కిరణం పాప గుండానే వెళ్లాలి, పైగా లేజరు తగిలాక పాప ఇంకా ముడుచుకునే గుణం ఉంది.

దీనివల్ల కంటికి హాని జరగదా?

ఏ పరికరమైనా ఐరిస్‌ను తాకుతుంది కాబట్టి కొంత ప్రమాదం ఉంది. అంచు నుంచి కొద్దిగా రక్తం రావచ్చు. అంచు కండరం కొంచెం చిరిగితే పాప తర్వాత కూడా కాస్త పెద్దగా లేదా కోలగా ఉండిపోవచ్చు. అలాంటివారికి ఎండలోనూ, రాత్రి లైట్ల వెలుగులోనూ కళ్లు చెదురుతాయి. లోపల వాపు మామూలుకన్నా ఎక్కువ రోజులు ఉండవచ్చు. కొందరికి ఒత్తిడి తాత్కాలికంగా పెరుగుతుంది. అయినా చిన్న ద్వారంలోంచి గుడ్డిగా పని చేస్తే వచ్చే ముప్పు వీటన్నిటికన్నా పెద్దది. "రింగు లేకుండా లాగించేయండి" అని అడిగే బంధువులకు నేను ఒప్పుకోకపోవడానికి కారణం అదే.

షుగరు ఉన్నవారికి వేరే జాగ్రత్తలు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. పాప తెరుచుకోకపోతే వెనకనున్న రెటీనా సరిగా కనబడదు, షుగరు వల్ల అక్కడ వచ్చిన మార్పులు మరుగున పడతాయి. కనబడినంత మేర చూసి, అవసరమైతే స్కానింగ్ చేయించి, ఆపరేషన్ తర్వాత మళ్లీ రెటీనా చూపించుకోవాలి. ఐరిస్‌ను ఎక్కువ కదిపిన కళ్లలో రెటీనా మధ్యభాగానికి నీరు చేరే అవకాశం పెరుగుతుంది, షుగరు ఉన్నవారికి ఇంకా ఎక్కువ. అందుకని వాపు తగ్గించే చుక్కలు వారికి ఎక్కువ వారాలు రాస్తాం. లోపల వాపు జబ్బు ఉన్నవారికైతే కన్ను కనీసం మూడు నెలలు పూర్తిగా నెమ్మదించాకే ఆపరేషన్.

పొర బాగా ముదిరాక, పంట చేతికొచ్చాక చేయించుకుంటే మంచిదా?

పొర పండాలన్న మాట పాతకాలపు ఆపరేషన్ల నాటిది. ఇప్పుడు అది నష్టమే. ముదిరిన పొర రాయిలా గట్టిపడుతుంది, దాన్ని ముక్కలు చేయడానికి ఎక్కువ శక్తి, ఎక్కువ సమయం కావాలి. చిన్న పాప, రాయిలాంటి పొర, వదులైన పోగులు మూడూ ఒకే కంట్లో కలిస్తే అది మాకు అత్యంత కష్టమైన ఆపరేషన్. ఆలస్యం చేసుకుని వచ్చేవారిలోనే ఆ మూడూ కలిసి కనిపిస్తాయి. ఒక సంక్రాంతి అయ్యాక అనుకున్నది, మనవరాలి పెళ్లి అయ్యాక అవుతుంది, తర్వాత దాళ్వా కోతలయ్యాక అవుతుంది. చూపు పనులకు అడ్డమవుతుంటే అప్పుడే రండి.

కాలం ఎంచుకోవడంలో నేను ఒప్పుకునే కారణం ఒక్కటే ఉంది, వరద. లంకల్లో ఉండేవారు గోదావరి పోటెత్తే జూలై, ఆగస్టు నెలల్లో ఆపరేషన్ పెట్టుకోకపోవడం మేలు. మర్నాడు కట్టు విప్పించుకోవడానికీ, కన్ను ఎర్రబడితే పరుగున రావడానికీ దారి ఉండాలి. పడవలు, పంట్లు ఆగిపోయాక ఫోనులో కన్ను చూడలేను. ఆ రోజుల్లో తప్పదంటే గట్టు ఇవతల బంధువుల ఇంట్లో వారం రోజులు ఉండేలా చూసుకోండి.

ఖర్చు పెరుగుతుందా?

పెరగవచ్చు. రింగు ఒకరికి ఒకసారి వాడి పారేయాల్సిన వస్తువు. హుక్కుల ఖర్చు వేరుగా ఉంటుంది. వాడితే ఎంత, వాడకపోతే ఎంత అని ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. అలా అడగడం డాక్టరును శంకించడం కాదు. బల్ల మీద పడుకున్నాక బయట కూర్చున్న కొడుకుతో ధర మాట్లాడటం ఎవరికీ మంచిది కాదు.

శిక్షణలో ఉన్న డాక్టర్లు అడిగేది: మెత్తబడిన ఐరిస్ అని ముందే తెలిస్తే ఏం మార్చుకోవాలి?

కోతను కొంచెం పొడవైన సొరంగంలా, నీరు కారనంత బిగువుగా చేయండి. పొట్టి కోతలోంచే ఐరిస్ బయటికి వస్తుంది. లోపలికి నీరు కొట్టి లెన్సును విడదీసేటప్పుడు కొద్దికొద్దిగా కొట్టండి, ముందు కొంత జెల్ బయటికి రానివ్వండి. సీసా ఎత్తు, పీల్చే వేగం తగ్గించండి. ఐరిస్ కోతలోకి వస్తే లోపలికి నెట్టే ముందు కంట్లో ఒత్తిడి తగ్గించండి, లేకపోతే ఎన్నిసార్లు నెట్టినా మళ్లీ వస్తుంది. హుక్కులు వేస్తే ఒక హుక్కు కోత కిందికి వచ్చేలా వజ్రపు ఆకారంలో అమర్చుకోండి, ఐరిస్ కోత దగ్గరనుంచి వెనక్కి లాగి ఉంటుంది. రింగు తీసేటప్పుడు తొందర వద్దు. ఒక్కో చుట్టనూ పాప అంచు నుంచి పూర్తిగా విడిపించాకే బయటికి లాగండి.

ఆపరేషన్ తర్వాత ఏం చేయాలి?

చుక్కల మందు నాలుగు నుంచి ఆరు వారాలు, చీటీ మీద రాసినట్టే. కాలువ స్నానం, చెరువు నీళ్లు, ధాన్యం దుమ్ము, కొబ్బరి పీచు దగ్గర పనులు కొన్ని వారాలు వద్దు. మొదటి రోజు పాప పెద్దగా ఉండి మసకగా అనిపిస్తే కంగారు పడకండి. నొప్పి పెరిగినా, ఎరుపు పెరిగినా, కనిపించే చూపు తగ్గినా అర్ధరాత్రి అయినా సరే రండి. ఉదయం దాకా ఆగవద్దు.

రెండో కంటికి కూడా రింగు కావాలా?

మాత్రల వల్ల వచ్చిన ఇబ్బంది అయితే రెండో కన్ను కూడా చాలావరకు మొదటిదాని లాగే ప్రవర్తిస్తుంది. తెల్లటి పొట్టు ఉన్నవారిలో ఒక కంట్లో ఎక్కువ, ఇంకో కంట్లో తక్కువ ఉండవచ్చు. మొదటి ఆపరేషన్ కాగితం మీద "పాప చిన్నది, రింగు వాడాం" లేదా "హుక్కులు వాడాం" అన్న మాట ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అడిగి రాయించుకోండి. ఆ కాగితాన్ని ఆధార్ కార్డుతో పాటు భద్రంగా పెట్టండి. రెండో కంటికి ఏ ఊళ్లో, ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా ఆ కాగితం, ఇంట్లో ఉన్న మాత్రల పట్టీలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి.